ప్లస్సా, మైనస్సా: ఒకే సూది మీద రెండు ఆవిష్కరణలు

చొప్పదండి లాంటి మండల కేంద్రంలో ఎలక్ట్రాన్ సోర్స్‌ను చూడటానికి ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. ఎక్స్‌రే గదికి పోతే చాలు. టెక్నీషియన్ చేతిలో వైరుకు వేలాడే స్విచ్‌కు రెండు మెట్లుంటాయి. బొటనవేలితో సగం నొక్కితే ట్యూబు లోపల ఫిలమెంట్ పూర్తి వేడికి ఎక్కుతుంది. తిరిగే యానోడ్ ఉన్న ట్యూబైతే గుయ్యిమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. "ఊపిరి బిగబట్టు" అంటూ మిగతా సగం నొక్కితే, కాగిన తీగ నుంచి బయటపడ్డ ఎలక్ట్రాన్లు వేల వోల్టుల లాగుడుకు పోయి యానోడ్‌ను గుద్దుతాయి. ఎక్స్‌రే పడుతుంది.

మరి అయాన్ సోర్స్? ఆ గదిలో లేదు, ఆ వీధిలోనూ లేదు. కానీ టెక్నీషియన్ జేబులోని ఫోన్‌లో ఉన్న చిప్‌లు అయాన్ పుంజం కింద తడిసి వచ్చినవే. సిలికాన్‌లోకి బోరాన్, ఫాస్ఫరస్ అయాన్లను వేగంగా దించి దాని విద్యుత్ గుణాన్ని మార్చవచ్చని విలియం షాక్లీ 1954లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. 1957లో అది మంజూరైంది. చేసిన పని ఊళ్లోకి వచ్చింది, చేసిన పనిముట్టు మాత్రం ఎక్కడో చిప్‌ల ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది.

కంటికి కనిపించేదానికే పేరు. అందుకే సైన్సు గురించి రాసేవాళ్లు ఎలక్ట్రాన్ గన్‌కు ఒక అధ్యాయం ఇచ్చి, అయాన్ సోర్స్‌ను దాని తోకలా ఒక పేరాతో సరిపెడతారు. ఈ రెంటినీ ఆవిష్కరణలుగా పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తూకం అటువైపు మొగ్గదు. ఎలక్ట్రాన్ ప్రతి లోహంలోనూ ముందే ఉంది. దాన్ని బయటికి రప్పిస్తే పని అయిపోతుంది. అయాన్‌ను మాత్రం, అణువుకు ఎలక్ట్రాన్ తగిలించో ఊడదీసో, ముందు తయారుచేయాలి, ఆ తర్వాతే పంపాలి. ఎక్కువ ఊహ ఖర్చయింది ఈ రెండో పనికే అని నా వాదన.

తొలినాళ్ల సంగతి చూస్తే ఎలక్ట్రాన్ సోర్స్ స్వతంత్రంగా పుట్టింది కూడా కాదు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టినప్పుడు రాంట్జెన్ వాడిన తరహా ట్యూబుల్లో ఫిలమెంట్ లేదు. లోపల కొద్దిగా మిగిలిన గాలి విద్యుత్ ఒత్తిడికి చిట్లి అయాన్లయ్యేది. ఆ పాజిటివ్ అయాన్లు వెళ్లి చల్లని కాథోడ్‌ను కొడితే ఎలక్ట్రాన్లు ఊడిపడేవి. అంటే ఎలక్ట్రాన్ పుంజానికి అప్పట్లో అయానే పెట్టుబడి. వాడిన కొద్దీ లోపలి గాలిని గాజూ లోహమూ పీల్చుకునేవి, ట్యూబు మొండికేసేది. మళ్లీ కాస్త గాలి వదలడానికి పక్కన చిన్న ఏర్పాటు పెట్టుకోవాల్సి వచ్చేది. 1913లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న విలియం కూలిడ్జ్ ఈ తద్దినానికి ముగింపు పలికాడు. ట్యూబులోని గాలిని వీలైనంత తోడేసి, టంగ్‌స్టన్ తీగను కాల్చాడు. ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలో తీగ వేడితో, ఎంత వేగం కావాలో వోల్టేజీతో, రెంటినీ విడివిడిగా తిప్పుకునే వీలు మొదటిసారి దొరికింది. ఈ రోజు మన ఎక్స్‌రే గదుల్లో ఉన్నది ఆ పద్ధతే. వేడి లోహం నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో చెబుతూ రిచర్డ్‌సన్ 1901లో ఇచ్చిన సూత్రం కన్నా కూలిడ్జ్ చేతిపని నాకు పెద్దదిగా కనిపిస్తుంది. పెళుసుగా ఉండే టంగ్‌స్టన్‌ను సాగే తీగగా లాగడం కనిపెట్టినవాడూ ఆయనే.

అక్కడి నుంచి ఎలక్ట్రాన్ గన్‌కు అయాన్ శత్రువైంది. పాత టీవీ పిక్చర్ ట్యూబులో ఆ వైరం స్పష్టంగా కనబడుతుంది. ట్యూబు మెడ చుట్టూ ఉన్న అయస్కాంత చుట్టలు ఎలక్ట్రాన్ పుంజాన్ని తెరంతా తిప్పుతాయి. అదే కాథోడ్ దగ్గర పుట్టిన నెగటివ్ అయాన్ వేల రెట్లు బరువైనది. అదే వోల్టేజీకి లోనైనా ఆ అయస్కాంతానికి అంతగా వంగదు, నేరుగా పోయి తెర నడుమన గుద్దుకుంటుంది. తొలితరం టీవీల్లో తెర మధ్యన ఏర్పడే మచ్చకు కారణం ఇదే. దానికి విరుగుడుగా గన్‌నే వంకరగా అమర్చి, మెడ మీద చిన్న అయస్కాంతం తొడిగారు. ఎలక్ట్రాన్లు వంగి దారికొస్తాయి, అయాన్లు గోడకు పోతాయి. తర్వాత తెర వెనక పలుచని అల్యూమినియం పొర పూశాక ఆ తంటా తీరింది. ఆ పొర ఎలక్ట్రాన్‌కు దారిస్తుంది, అయాన్‌ను ఆపేస్తుంది.

మన దాకా టీవీ వచ్చేనాటికి ఆ పొర మామూలైపోయింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు పంపిన సైట్ ప్రయోగంలో ఆ సెట్లు కట్టింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1987లో రామాయణం సీరియల్ మొదలయ్యాక కరీంనగర్ జిల్లా పల్లెల్లో టీవీ ఉన్న ఇల్లు ఆదివారం పొద్దున ఊరి సొత్తయింది. ఆ ఇంట్లోని విలువైన వస్తువుల్లో ఒకటి ఎలక్ట్రాన్ సోర్స్ అని ఎవరికీ తెలియకపోయినా, మెకానిక్‌కు తెలుసు. బొమ్మ మసకబారితే ఆయన తీర్పు ఒక్కటే: "ట్యూబుల ఎమిషన్ లేదు సార్, ఇగ మార్చుడే." మార్చే స్తోమత లేనివాళ్లకు ఇంకో దారి చూపేవాడు. కాథోడ్ హీటర్‌కు ఇవ్వాల్సిన 6.3 వోల్టుల కన్నా కాసేపు ఎక్కువిచ్చి, గ్రిడ్ వైపు కరెంటు లాగి, పాడైన పైపొరను ఊడగొట్టేవాడు. అడుగున ఉన్న బేరియం పైకొచ్చి, బొమ్మ ఇంకొన్నాళ్లు వెలిగేది. 1904 ప్రాంతంలో వెనెల్ట్ కనిపెట్టిన ఆక్సైడ్ కాథోడ్ తత్వం ఆ షాపులో తిరగరాసుకున్నట్టే. టంగ్‌స్టన్‌కు 2,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. బేరియం ఆక్సైడ్‌కు 700, 800 సరిపోతుంది. ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే బిగువు ఆ ఆక్సైడ్‌లో మూడో వంతే.

ఇక అసలు జోడీకి వస్తాను. ఎర్విన్ ముల్లర్ 1936లో బెర్లిన్‌లో ఒక టంగ్‌స్టన్ సూదిని తీసుకున్నాడు. దాని మొన మిల్లీమీటరులో పదివేలో వంతు. ఎదురుగా మెరిసే తెర పెట్టి, సూదికి వేల వోల్టుల మైనస్ ఇచ్చాడు. వేడి చేయకుండానే ఎలక్ట్రాన్లు మొన నుంచి బయటికి జారి, అన్ని వైపులకూ విచ్చుకుని తెర మీద మొన తాలూకు బొమ్మ గీశాయి. లెన్సు లేదు. తెర దూరాన్ని మొన వ్యాసార్థంతో భాగిస్తే ఎన్ని రెట్లొస్తాయో దాదాపు అన్ని రెట్ల పెద్ద బొమ్మ, అంటే లక్షల రెట్లు. చొప్పదండి నవోదయలో పన్నెండో తరగతి చదివే పిల్లల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఈ ఫీల్డ్ ఎమిషన్ ఒక వాక్యంగా ఉంది. మీటరుకు 10 కోట్ల వోల్టుల స్థాయి క్షేత్రం కావాలని చెప్పి, స్పార్క్ ప్లగ్‌ను ఉదాహరణగా ఇచ్చి ముగిస్తారు. ముల్లర్ సూది మొన మీద నిజంగా పనిచేసేది మీటరుకు 300 నుంచి 500 కోట్ల వోల్టులు. స్పార్క్ ప్లగ్ తెలిసిన వస్తువు కాబట్టి ఎంచుకుని ఉంటారు గానీ, ఈ ఆవిష్కరణ సొగసంతా ఆ సూదిలోనే ఉంది. అదే పుస్తకంలోకి రాలేదు.

అయినా 1936 బొమ్మలో అణువులు కనబడలేదు. ఎలక్ట్రాన్ లోహం లోపలి నుంచి వస్తూ తన అడ్డ వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది. లోహాన్ని ఎంత చల్లబరిచినా ఆ లోపలి చలనం తగ్గదు. బొమ్మ రెండు నానోమీటర్ల దగ్గర అలుక్కుపోయి ఆగిపోయింది.

1951లో ముల్లర్ అదే సూదికి ప్లస్ ఇచ్చాడు. చుట్టూ కొద్దిగా హైడ్రోజన్ వదిలాడు. చెప్పడానికి వైర్లు తారుమారు చేసినంత తేలిక. కానీ దాంతో బొమ్మ గీసేవాడే మారిపోయాడు. సూది తన సొత్తును పంపడం మానేసి, బయటి నుంచి వచ్చిన అతిథి చేత తన బొమ్మ గీయించుకుంది. వాయు అణువు మొన దగ్గరికి లాగబడి, చల్లని లోహం మీద గెంతుతూ వేగం పోగొట్టుకుని, పైకి పొడుచుకు వచ్చిన ఒక టంగ్‌స్టన్ అణువు దగ్గర తన ఎలక్ట్రాన్‌ను లోహానికి అప్పజెప్పి, అయాన్‌గా మారి తెర వైపు దూసుకుపోతుంది. లోహంలోని ఎలక్ట్రాన్‌ను నెమ్మదింపజేయలేం గానీ వాయు అణువును నెమ్మదింపజేయొచ్చు. సూదిని బాగా చల్లబరిస్తే అడ్డ వేగం చాలా తగ్గుతుంది. 1955 అక్టోబరు 11న పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ముల్లర్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న భారతీయుడు కన్వర్ బహదూర్ కలిసి, హైడ్రోజన్‌కు బదులు హీలియం అయాన్లతో టంగ్‌స్టన్ అణువులను విడివిడిగా చూశారు. మనిషి అణువును విడిగా చూడటం అదే మొదలు. ఆ బహదూర్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సినంతగా లేదు.

ధైర్యం మాట కూడా చెప్పాలి. హీలియం అయాన్ కావడానికి మీటరుకు 4,400 కోట్ల వోల్టులు కావాలి, ఎలక్ట్రాన్ సూదికి అవసరమైన దానికి దాదాపు పది రెట్లు. టంగ్‌స్టన్ అణువులే ఊడి ఎగిరిపోయే క్షేత్రం 5,700 కోట్లు. మధ్యలో ఉన్నది ఆ కాస్త జాగా. 1936 సూది సుఖంగా బతికింది. 1955 సూది తన చావుకు ఒక గడప ఇవతల నిలబడి పనిచేసింది. దాటితే ఏమవుతుందో కూడా ముల్లర్ వదిలిపెట్టలేదు. ఊడిపోయే అణువులను ఒక్కొక్కటిగా పట్టి, అవి ఎంతసేపట్లో చేరాయో కొలిచి, ఏ మూలకమో చెప్పే అటామ్ ప్రోబ్‌ను 1967లో ప్రకటించాడు. సాధనం పాడయ్యే తీరులోంచి ఇంకో సాధనం పుట్టించడం నాకు తెలిసిన ఆవిష్కరణల్లో అరుదు.

సంతలో గెలిచింది మాత్రం మొదటిదే. 1960ల చివర ఆల్బర్ట్ క్రూ చల్లని ఫీల్డ్ ఎమిషన్ సూదిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి, 1970కల్లా థోరియం, యురేనియం అణువులను విడిగా చూపాడు. ఆ సూదికి 10 పవర్ మైనస్ 10 టార్ స్థాయి శూన్యం కావాలి. హీలియం సూది చుట్టూ దానికి లక్ష రెట్లు, అంతకు మించి కూడా వాయువు తిరుగుతుంటుంది. ఒకటి గాలిని పరమ శత్రువుగా చూస్తే, రెండోది గాలినే తిని బతుకుతుంది. శూన్యం తయారీ మీద ఇంగ్లీషులో 'హై వాక్యువా' అనే గ్రంథాన్ని 1947లో వెలువరించింది ఒక తెలుగు సన్యాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టిన స్వామి జ్ఞానానంద. ఈ తగాదా రెండు వైపులకూ ఆ పుస్తకం పనికొస్తుంది.

అణువును చూడటం సరే, కోసే పనికి వస్తే గాలియం ఉంది. అది 29.8 డిగ్రీలకు కరుగుతుంది. చొప్పదండిలో మే నెల మధ్యాహ్నం నీడలో పెట్టిన సీసాలో కూడా అది నీళ్లలా కదులుతుంది. టంగ్‌స్టన్ సూది మీద ఆ ద్రవాన్ని పూసి, ఎదురుగా వేల వోల్టులు పెడితే మొన దగ్గర అది శంకువులా నిక్కుతుంది. ఆ శంకువు అర్ధకోణం 49.3 డిగ్రీలని జెఫ్రీ టేలర్ 1964లో లెక్క తేల్చాడు. దాని కొస నుంచి గాలియం అయాన్లు చిమ్ముతాయి. 1979లో కాలిఫోర్నియాలోని హ్యూస్ ల్యాబ్‌లో సెలిగర్ బృందం వాటిని 100 నానోమీటర్ల చుక్కగా కుదించింది. గాలియం అయాన్ ఎలక్ట్రాన్ కన్నా సుమారు 1,27,000 రెట్లు బరువు. అందుకే ఈ యంత్రాల్లో అయస్కాంత లెన్సులుండవు, స్థిర విద్యుత్ లెన్సులతోనే నెట్టుకురావాలి. అందుకే అది తాకినచోట పదార్థం లేచిపోతుంది కూడా.

ఇదే కాలంలో ఎలక్ట్రాన్ పక్షాన నిలబడేది లాంథనం హెక్సాబోరైడ్. 1951లో లాఫెర్టీ దాని గుణం చెప్పాడు, 1960ల్లో అలెక్ బ్రోయర్స్ దాన్ని గన్‌గా మార్చాడు. మంచి పదార్థం, మంచి పనితనం, అంతకు మించి చెప్పడానికి నాకేమీ లేదు. తేడా అరుగుదలలో ఉంది. హెక్సాబోరైడ్ ఆవిరైతే అది నష్టం. పోయిన ఎలక్ట్రాన్లు మాత్రం వైరు ద్వారా తిరిగొస్తూనే ఉంటాయి. గాలియం సోర్స్‌లో అరుగుదలే దిగుబడి. 2 మైక్రోఆంపియర్ల చొప్పున వెయ్యి గంటలు నడిస్తే 5 మిల్లీగ్రాముల లోహం పుంజంగా వెళ్లిపోతుంది. కొంత నమూనాలోనే దిగబడిపోతుంది. ఎలక్ట్రాన్ ఏ లోహం నుంచి వచ్చినా ఎలక్ట్రానే, దానికి ఇంటిపేరు ఉండదు. గాలియం పోయిన చోటల్లా తన పేరు వదిలి వస్తుంది. ఇది దాని లోపమే, నేను కప్పిపుచ్చను. 2007లో హీలియం అయాన్ మైక్రోస్కోప్ బజారుకు వచ్చినప్పుడు, మొనలో మూడే అణువులుండే ముల్లర్ సూది మళ్లీ బతికింది, ఆ గాలియం మరక లేకుండా. ఆ మూడు అణువులూ చెదిరినప్పుడల్లా మొనను మళ్లీ కట్టుకోవాలి. ఎలక్ట్రాన్ వైపు, వేడినీ క్షేత్రాన్నీ కలిపి వాడే షాట్కీ సోర్స్ ఏడాదికి పైగా ముట్టుకోకుండా నడుస్తుంది.

మన రాష్ట్రంలోనే చూడదలిస్తే హైదరాబాద్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వారి కంపోజిషనల్ క్యారెక్టరైజేషన్ కేంద్రంలో అయాన్లకు వేగమిచ్చే 3 మెగావోల్టుల టాండెట్రాన్ యంత్రం ఉంది. ఈ తరహా యంత్రాలకు వాడే సీజియం స్పటరింగ్ సోర్స్ తీరు విచిత్రం. పాజిటివ్ సీజియం అయాన్లు నమూనా లోహాన్ని కొడతాయి. రాలిన అణువులు సీజియం పొర దాటేటప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ తగిలించుకుని నెగటివ్ అయాన్లవుతాయి. వాటిని పాజిటివ్ టెర్మినల్ లాక్కుంటుంది. అక్కడ పలుచని వాయువులో ఎలక్ట్రాన్లు ఒలిచేస్తారు. ఇప్పుడవి పాజిటివ్, కాబట్టి అదే టెర్మినల్ ఈసారి వాటిని తోసేస్తుంది. ఒక వోల్టేజీకి రెండుసార్లు వసూలు! అయాన్ గుర్తు మార్చుకోగలదు కాబట్టే ఇది కుదిరింది. ఈ ఎత్తు ఎలక్ట్రాన్‌తో వేయలేం, దాని మైనస్ ఎవరూ ఒలవలేనిది.