కోపానికి వారసత్వం: ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ నాటకంలో యుద్ధానంతర ఇంగ్లండ్

ఆధునిక ఆంగ్ల నాటక చరిత్రను బోధించేటప్పుడు 1956 మే 8వ తేదీని సరిహద్దు రాయిగా చూపడం ఆనవాయితీ. ఆ రోజు లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో, టోనీ రిచర్డ్‌సన్ దర్శకత్వంలో, జాన్ ఆస్బోర్న్ రచించిన ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ తొలిసారి ప్రదర్శితమైంది. నాటక కథానాయకుడు జిమ్మీ పోర్టర్ ‘ఆగ్రహ యువకుడు’ అనే ముద్రకు ప్రతినిధి అయ్యాడు. ఆ ముద్రకు మన తరగతి గదుల్లో ఒక వివరణ స్థిరపడింది: యుద్ధానంతర సంక్షేమ రాజ్యం దిగువ వర్గాల యువకుడికి చదువు ఇచ్చింది, సమాజంలో తగిన స్థానం ఇవ్వలేదు, అందుకే అతనికి కోపం. ఎం.ఏ. పరీక్ష జవాబులనుంచి పరిశోధన వ్యాసాలదాకా ఈ సూత్రమే తిరుగుతుంటుంది. ఇది అబద్ధం కాదు. కానీ జిమ్మీ కోపంలో కోల్పోయిన సామ్రాజ్యానికి ఉన్న వాటాను ఈ సూత్రం పూర్తిగా మరుగుపరుస్తుంది. ఆ వాటాను గుర్తించవలసిన అవసరం ఇతరులకన్నా భారతీయ పాఠకులకు ఎక్కువ.

ముందుగా సూత్రంలోని నిజాన్ని చూద్దాం. 1944 విద్యా చట్టం ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో రుసుమును రద్దు చేసింది. 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. నాటకంలో ఇరవై అయిదేళ్ల వాడైన జిమ్మీ ఈ మార్పుల తొలి తరానికి చెందుతాడు. అతడు చదివినది పేరున్న విశ్వవిద్యాలయం కాదు. పట్టా చేతబట్టుకొని ఇంగ్లండ్ మధ్య ప్రాంతపు పట్టణమొకదానిలో, పైకప్పు కింది ఒంటిగదిలో భార్య ఆలిసన్‌తో కాపురముంటూ, స్నేహితుడు క్లిఫ్‌తో కలిసి మిఠాయి బడ్డీ నడుపుతుంటాడు. ఈ బడ్డీని విమర్శకులు సాధారణంగా పతనానికి గుర్తుగా చదువుతారు. ఒక చిన్న వివరం ఆ పఠనాన్ని కొంత సడలిస్తుంది. బ్రిటన్‌లో మిఠాయిలపై రేషన్ 1953 ఫిబ్రవరిలో తొలగింది. 1954 జూలై నాటికి ఆహార రేషన్ మొత్తం ముగిసింది. అంటే అతడు అమ్ముతున్నది కొత్తగా చేతికందిన సరుకు. అతని గదిలో తిండికి కొరత లేదు, ఆదివారం పత్రికలకూ కొరత లేదు. ఇది లేమిని గురించిన నాటకం కాదు.

మరి కోపం దేనిమీద? జిమ్మీ మాటల్లో దానికి రెండు మూలాలు కనిపిస్తాయి. మొదటిది తండ్రి. స్పెయిన్ అంతర్యుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన ఆయన మంచాన పడి మరణించడాన్ని పదేళ్ల కొడుకు దగ్గరుండి చూశాడు. తమ తరానికి ప్రాణమిచ్చి పోరాడదగిన ఆశయాలేవీ మిగలలేదని జిమ్మీ వాపోవడం వెనుక ఈ దుఃఖం ఉంది. రెండవ మూలం మామగారు, కల్నల్ రెడ్‌ఫర్న్.

రెడ్‌ఫర్న్ 1914 మార్చిలో ఇంగ్లండ్ విడిచి, భారతదేశంలో ఒక మహారాజు సైన్యానికి నాయకత్వం వహించి, 1947లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆయన మనసులోని ఇంగ్లండ్ 1914 దగ్గరే ఆగిపోయింది. రెండవ అంకంలో కూతురితో మాట్లాడుతూ, కిక్కిరిసిన రైల్వే స్టేషన్‌నుంచి పటాలం బ్యాండు మోగుతుండగా తన రైలు కదిలిన రోజును తలుచుకుంటాడు. అంతా ముగిసిందని తనకు అప్పుడే తెలిసిందంటాడు. అంతా మారిపోయిందని తండ్రికి బాధ, ఏదీ మారలేదని భర్తకు బాధ అని ఆలిసన్ తేల్చిచెబుతుంది. ఈ వాక్యం విమర్శకులకు తాళంచెవిలా దొరికింది. తండ్రి గతానికి, భర్త వర్తమానానికి చెందినవారని దాని ఆధారంగా లెక్క తేల్చేశారు.

ఆలిసన్ తీర్పును నాటకకర్త తీర్పుగా తీసుకోవడంలోనే చిక్కు ఉంది. మొదటి అంకంలోనే జిమ్మీ ఆ తీర్పును ముందుగా ఖండించాడు. మామగారి ఎడ్వర్డియన్ కాలపు వేసవులు, ఇంట్లో చేసిన కేకులు, పద్యాల పుస్తకాలు తనకూ ఆకర్షణీయంగా కనిపిస్తాయని ఒప్పుకుంటాడు. అదంతా బూటకపు చిత్రమని వెంటనే అనుమానిస్తాడు. సొంత లోకం లేనివాడు పరాయివాడి లోకం పోయినందుకు విచారిస్తాడని తనను తానే ఎత్తిపొడుచుకుంటాడు. రేడియోలో వాన్ విలియమ్స్ సంగీతం కోసం వెతికేదీ, తాము బతుకుతున్నది అమెరికన్ యుగమని విసుక్కునేదీ ఇతడే. కాబట్టి జిమ్మీ ఆ ఇంటి గేటు బయట నిలబడ్డ విప్లవకారుడు కాడు. ఆస్తి కరిగిపోయాక పుట్టిన వారసుడు. కల్నల్ అల్లుణ్ణి పూర్తిగా తప్పుపట్టలేకపోవడానికీ, జిమ్మీ అత్తగారిపై చూపే ద్వేషాన్ని మామగారిపై చూపకపోవడానికీ కారణం ఈ బంధుత్వమే.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఆగి చూడవలసినది ఒకటుంది. రెడ్‌ఫర్న్ భారతదేశంలో గడిపిన 1914-47 మధ్యకాలంలోనే జలియన్‌వాలాబాగ్ ఉంది. 1922-24 నాటి మన్యం తిరుగుబాటు, అల్లూరి సీతారామరాజు మరణం ఉన్నాయి. 1943 బెంగాల్ కరువు ఉంది. కల్నల్ జ్ఞాపకంలో ఇవేవీ లేవు, ఎండ మాత్రమే ఉంది. ఆ మౌనాన్ని నాటకం ప్రశ్నించదు. కల్నల్‌ను దయతో చూసి పంపించివేస్తుంది. జిమ్మీ మౌనం ఇంకా విచిత్రమైనది. ఆశయాలు లేవని అతడు వాపోయే నాటికి మలయాలో 1948నుంచి, కెన్యాలో 1952నుంచి, సైప్రస్‌లో 1955నుంచి బ్రిటిష్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించి, నిర్బంధ సైనిక సేవలో చేరిన యువకులను అక్కడికి పంపుతోంది. ప్రాణాలకు తెగించి నిలబడవలసిన ఆశయాలు ఆ దేశాల ప్రజలకు ఉన్నాయి. తన గది కిటికీనుంచి అతనికి అవి కనబడవు.

కొన్ని వ్యాసాలు ఈ నాటకాన్ని సూయజ్ సంక్షోభానికి ప్రతిస్పందనగా పేర్కొంటాయి. కాలక్రమం దీనికి ఒప్పుకోదు. నాసర్ కాలువను జాతీయం చేసినది 1956 జూలై 26న, అంటే తొలి ప్రదర్శన జరిగిన రెండున్నర నెలల తరువాత. అయితే నాటకంలో కొంత భాగాన్ని బీబీసీ టెలివిజన్ అక్టోబరులో ప్రసారం చేశాకనే ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది. ఆ నెలాఖరుకే బ్రిటిష్ విమానాలు ఈజిప్టుపై బాంబులు వేశాయి. సూయజ్ ఈ నాటకాన్ని పుట్టించలేదు, కానీ దానిని ఆదరించిన ప్రేక్షకుల మనఃస్థితిలో భాగమైంది. రచనా సందర్భాన్నీ స్వీకార సందర్భాన్నీ విడదీసి చూడని పరిశోధనలో ఇలాంటి పొరపాటు తేలిగ్గా దొర్లుతుంది.

ఇక ఈ కోపానికి మూల్యం చెల్లించినది ఎవరు? తెర లేచేసరికి ఆలిసన్ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటుంది. గర్భవతినన్న సంగతి క్లిఫ్‌కు చెబుతుంది గానీ భర్తకు చెప్పలేకపోతుంది. అది తెలియని జిమ్మీ, ఆమెకొక బిడ్డ పుట్టి చచ్చిపోతే గానీ ఆమె మనిషి కాదంటాడు. అన్నంతా జరుగుతుంది: గర్భస్రావమై, నేల మీద కూలబడ్డాకనే ఆమె అతని ప్రేమకు అర్హురాలవుతుంది. నడుమ మూడవ అంకం మొదట్లో అదే బల్ల దగ్గర ఆమె స్నేహితురాలు హెలెనా ఇస్త్రీ చేస్తూ కనిపిస్తుంది. మనుషులు మారినా బల్ల మారలేదన్న వ్యంగ్యాన్ని రచయిత ఎరుగును. దానిని విమర్శగా మలచడానికి మాత్రం సిద్ధపడలేదు. కల్నల్ కుమార్తెను బాధించడం ద్వారా జిమ్మీ కల్నల్ వర్గంతో లెక్క సరిచేసుకుంటున్నాడు. మనవైపు విమర్శలో దీనిని తరచు ‘వైవాహిక ఘర్షణ’ అని మెత్తగా పిలుస్తారు. అది సరైన పేరు కాదు.

రెండేళ్ల తరువాత, 1958 మే 27న, జోన్ లిటిల్‌వుడ్ నిర్వహణలోని థియేటర్ వర్క్‌షాప్ పంతొమ్మిదేళ్ల షీలా డెలానీ నాటకం ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ని ప్రదర్శించింది. అందులోని జో కూడా ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక అద్దెగదిలో ఉంటుంది. నల్లజాతి నావికుడొకడు ఆమె బిడ్డకు తండ్రి. ఆస్బోర్న్ నాటకంలో జ్ఞాపకంగా మాత్రమే వచ్చిన సామ్రాజ్యపు మరో కొస ఇక్కడ గడప దాటి లోపలికి వచ్చింది. పుట్టబోయే బిడ్డ రంగు తెలియగానే జో తల్లి హెలెన్ నొప్పులు పడుతున్న కూతురిని వదిలి తాగడానికి వెళ్తుంది. జోకు తోడుగా ఉన్న స్వలింగ ప్రియుడు జెఫ్ అప్పటికే వెళ్లిపోయాడు. ఒంటరిగా మిగిలిన జో, అతడు నేర్పిన పిల్లల పాట ఒకటి చెప్పుకుంటుండగా నాటకం ముగుస్తుంది. జిమ్మీకి ఉన్న సుదీర్ఘ ప్రసంగాలు ఆమెకు లేవు, తిట్టడానికి ఎదురుగా ఇస్త్రీ చేస్తున్న మనిషీ లేదు.