బార్‌కు ఆయువు పోసే ఆకురాయి

ఎర్రగుంట్ల అంటే నాపరాళ్లు, సిమెంటు. ఈ నేల మీద సర్కారు కంప, వేప కోసే చైన్‌సాకు దుమ్మే పెద్ద శత్రువు. కోత వంకరపోతే చాలామంది గొలుసు పళ్లకే సాన పడతారు. పని తెలిసిన మెకానిక్ గొలుసు విప్పి, ముందు అది తిరిగే బార్ చూస్తాడు.

బార్‌ను వైస్‌లో బిగించి, గాడిలో పేరుకున్న పొట్టునూ జిడ్డునూ సన్నటి రేకుతో గీకి, నూనె రంధ్రం తెరుస్తాడు. అరిగి పక్కకు సాగిన ఇనుప పొరను చదును ఆకురాయితో తీసేస్తాడు. అసలు పనితనం ఆ తర్వాతే. గాడికి అటూ ఇటూ ఉన్న రెండు అంచులూ ఒకే ఎత్తుకు రావాలి. ఒకటి తగ్గితే గొలుసు అటే ఒరుగుతుంది, కోతా అటే వంగుతుంది. అందుకే ఆకురాయిని బార్ పొడవునా నడిపి, మూలమట్టం ఆనించి, వెలుతురుకు పట్టి చూస్తాడు. సందు కనిపిస్తే మళ్లీ రాస్తాడు. చివరికి బార్‌ను తిరగేసి బిగిస్తాడు, ఎక్కువ భారం మోసిన కింది వైపుకు విశ్రాంతి దొరుకుతుంది.

గాడి అడుగు గొలుసుకు తగిలేంతగా అంచులు అరిగితే ఏ ఆకురాయీ కాపాడలేదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పడమూ నిజాయితీ గల పనే. పారేద్దామనుకున్న ఇనుముకు ఇంకొన్నాళ్లు ఆయువు పోసి, కోసేవాడి డబ్బూ ఒళ్లూ కాపాడే ఈ చేతులకు దండం పెట్టాలి.