మొద్దుబారిన మనసు

పట్టిసీమ రేవులో కొబ్బరిబోండాలు కొట్టే కత్తి మొద్దుబారుతుంది. పడవలో ముడుచుకుని కూర్చున్న కాలు మొద్దుబారుతుంది. పక్కవాళ్ల కష్టం చూసీ చూసీ చలించని మనసూ మొద్దుబారుతుంది. ఇనుముకీ ఒంటికీ మనసుకీ ఒకటే క్రియ. ఎంత పొదుపైన కట్టుబడి!

ఈ క్రియలో ముందుభాగం ‘మొద్దు’. నరికిన దుంగ, వాడి లేని అంచు. మనిషిని ఉద్దేశించి ఒంటరిగా వాడితే చదువు ఎక్కని పిల్లవాణ్ని తిట్టడమే అవుతుంది, దయకూ దానికీ సంబంధం లేదు. ఆ సంబంధం కలిపింది రెండోభాగం ‘బారు’. ఇది నీరు పారడంలోని పారే. పాత తెలుగులో బండి ‘ఱ’తో పాఱు. మాటలు కలిసేచోట పకారం బకారమైంది. నల్లబారు, ఎర్రబారు మాటల్లో ఉన్నదీ ఇదే. తెల్లవారులో వకారంగా మారింది. 24 పంపులతో గోదావరిని ఎత్తి పోలవరం కుడికాలువలో పారిస్తున్న పట్టిసీమలో ఈ తోక అసలు అర్థం పంపులు నడిచినన్నాళ్లూ కళ్లెదుటే ఉంటుంది.

‘బారు’ చేరిన ప్రతి మాటా మార్పునే చెబుతుంది: ముందు అలా లేదు, రానురాను అలా అయింది. ‘రాతిగుండె’ మనిషి స్వభావం మీద తీర్పు చెప్పేస్తుంది. ‘జాలి లేదు’ లోటును మాత్రం చూపిస్తుంది. ‘మొద్దుబారింది’ అనగానే ఒకప్పుడు స్పందించిన మనసు కూడా వాక్యంలోకి వస్తుంది. నాకు ఈ మాటలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ‘బండబారింది’కీ అదే తోక ఉంది గానీ ముందున్న బండ బరువుకి తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. మొద్దుబారిన కాలికి కాసేపట్లో స్పర్శ వస్తుంది, కత్తికి సాన ఉంది.

దీనికి ఎదురుమాట ‘పదును’. కత్తి వాడికీ, దుక్కికి సరిపడిన నేల తడికీ తెలుగు రైతు వాడే మాట అదొక్కటే. వాడీ తడీ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

కనికరం లేనితనాన్ని చెప్పే ఇంగ్లీషు ‘కాలస్’ గట్టిపడిన చర్మం నుంచి వచ్చింది. మనం మాత్రం చర్మం మీది కాయను కాఠిన్యానికి గుర్తు చేసుకోలేదు. కాయలు కాచిన చేతులంటే కష్టజీవివి. కళ్లు కాయలు కాచాయంటే ఎదురుచూపు.

వాడుకలో ఇంకో సొగసు. ‘చావులు చూసి చూసి నా మనసు మొద్దుబారిపోయింది’ అని ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు తమ గురించి తామే చెప్పుకోగలరు. అక్కడ కర్త మనసే, చేసినవాడు కనిపించడు. తప్పు ఎవరిదో చెప్పదలిస్తే ఒక్క ‘చు’ చేరిస్తే చాలు. మొద్దుబారు మొద్దుబార్చు అవుతుంది. ‘రోజూ చూపించే నెత్తుటి దృశ్యాలు పిల్లల మనసును మొద్దుబారుస్తున్నాయి’ అన్నప్పుడు చేసేది ఏదో బయటపడుతుంది.