అన్నమయ్య పాటలో మేలుకొని ఉన్న చెలికత్తె

కొన్నేళ్ల కిందట ఒక వేసవి మా పెద్దమ్మ వాళ్లూరు గుమ్మఘట్టలో గడిపాను. మధ్యాహ్నం కరెంటు ఉన్న ఆ కాసేపూ నా వెంట తెచ్చుకున్న అన్నమాచార్య సంకీర్తనలు వినేదాన్ని. ఒకరోజు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గొంతులో 'పలుకు తేనెల తల్లి' వస్తోంది. వసారాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. పాట అయిపోయేదాకా విని, నా వైపు తిరిగి అడిగింది: "పాపా, ఆ యమ్మ తెల్లారినా లెయ్యలేదంటుండారే. మరి నీళ్లెవురు తెచ్చిరి?"

నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె యాభై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుక్కి లేస్తోంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఊరికి దగ్గర్లోనే భైరవానితిప్ప డ్యాము ఉన్నా, వేదవతిలో నీళ్లు రాని ఏళ్లలో బిందె నిండటం అంటే ఏమిటో ఆమెకి తెలుసు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఆ పాట శృంగార సంకీర్తన. ఆమెకి అది పొద్దెక్కేదాకా పండుకోగలిగిన ఒక ఆడమనిషి కథ. ఆ ప్రశ్నతో నేను మళ్లీ రికార్డులన్నీ వినడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ వినికిడిలోంచి వచ్చింది.

అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. దొరికినవి సుమారు 12 వేలు. తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో నిద్రపోతున్న రాగిరేకులు 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో వెలుగులోకి వచ్చాయి. రేకులు చెక్కించినవాళ్లే పాటల్ని రెండుగా విడదీశారు: ఆధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు. దొరికినవాటిలో అధికభాగం శృంగారమే. ఆ శృంగారంలో ఎక్కువగా మాట్లాడేది ఆడవాళ్లు. అలమేలుమంగ మాట్లాడుతుంది, అలుగుతుంది, ఎత్తిపొడుస్తుంది. చెలికత్తెలు ఆమె గురించి గుసగుసలాడతారు, ఆయన్ని నిలదీస్తారు. మొదటిది గుడి ముంగిట్లో పదిమందితో పాడుకునే పాట, రెండోది తలుపులు వేసిన గదిలో పాట అనుకోవచ్చు.

మనకి రికార్డుల్లో వినపడే అన్నమయ్య మాత్రం తలకిందులు. ఎక్కువగా ముంగిట్లో పాటే. గదిలో పాట వచ్చినప్పుడు కూడా ముంగిట్లో పాటలాగే వస్తుంది. ఇదెలా జరిగింది?

రేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. కాబట్టి ఈ రోజు మనం వింటున్న వరసలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. ఈ పనికి పునాది వేసినవాడు మా జిల్లావాడే కావడం నాకు గర్వం. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, ఆ తర్వాత తిరుపతిలో రేకుల పరిష్కరణకి కూర్చున్నారు. వందకు పైగా పాటలకి స్వరరచన చేశారు. గాథాసప్తశతిని తెలుగు చేసింది కూడా ఆయనే. పల్లె ఆడవాళ్ల కోరికల్ని, కొంటెతనాన్ని పద్యాల్లో అంత ఇష్టంగా పట్టుకున్న మనిషి అన్నమయ్య శృంగారాన్ని అర్థం చేసుకోలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ తర్వాత వచ్చిన వరసల్లో కూడా, కొద్దిమందిని మినహాయిస్తే, స్త్రీ గొంతులో రాసిన పాట ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించింది మగవాళ్లే. రాసింది మగవాడు, రాగిరేకుల మీద పెట్టించింది మగవాళ్లు, వరస కట్టింది మగవాళ్లు. ఆడవాళ్లు చివర్న వచ్చి పాడారు.

1980లో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' పాడారు. అన్నమయ్యని దక్షిణాది ఇళ్లన్నిటికీ చేర్చిన ఘనత ఆ ఎల్పీలదే. అందులో 'నానాటి బతుకు' వినండి. వరస నేదునూరి కృష్ణమూర్తిది. రాగం రేవతి, గాంధార ధైవతాలు లేని అయిదు స్వరాల రాగం. ఆ లేని స్వరాల వల్లనే దానికి వేదపఠనం లాంటి ఎడారి గాంభీర్యం వస్తుంది. ఎం.ఎస్. ఒక్క అక్షరాన్ని కూడా తేలిగ్గా వదలరు. పుట్టటం, పోవటం మాత్రమే నిజమనీ నడుమది నాటకమనీ చెప్పే ఆ పాటలో తినే అన్నం, కట్టుకునే బట్ట ప్రస్తావన వస్తుంది. అక్కడ కూడా ఆ గొంతు అదే ఎత్తులో, అదే నిర్లిప్తతతో సాగిపోతుంది. వినేవాళ్లకి కళ్లు చెమర్చుతాయి, నాకూ చెమర్చాయి. అయితే గుమ్మఘట్టలో విన్నప్పుడు ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. అన్నం, బట్ట నాటకమని అనగలగడానికి ముందు అవి ఉండాలి కదా. అన్నమయ్య ఆ రెండిటి పేరూ ఎత్తి చెప్పాడు, గాలిలో మాట్లాడలేదు. గొంతు ఆ రెండు మాటల దగ్గర ఒక్క మెట్టు దిగి ఉంటే పాట ఇంకా బరువెక్కేది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మదురైలో 1916లో, దేవదాసీ సంప్రదాయం నుంచి వచ్చిన వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు కూతురుగా పుట్టిన స్త్రీకి, ఆ కాలంలో గౌరవంగా వేదిక ఎక్కడానికి ఉన్న దారి భక్తి. ఆమె ఆ దారిని తన శక్తితో రాజబాటగా మార్చుకుంది. ఆమె శృంగారం పాడలేదని తప్పుపట్టడం, ఆ దారిలో ఆమె దాటిన గడపల్ని చూడకపోవడమే. నా పేచీ ఆమెతో కాదు. ఒక స్త్రీ గొంతుని పూజగదిలో పెట్టాకే దానికి దండం పెట్టే మన అలవాటుతో.

బాలకృష్ణప్రసాద్ (1948–2025) చేసిన పని వేరు. ఆయన వందల పాటలకి వరసలు కట్టి, తానే పాడి, శృంగార సంకీర్తనల్ని కూడా ధైర్యంగా జనంలోకి తెచ్చారు. ఆయన దగ్గర మాట స్పష్టం. కచేరీ సంగీతంలో సాహిత్యాన్ని రాగం మింగేస్తుందన్న ఫిర్యాదు ఇక్కడ కుదరదు. పెద్దమ్మ ఆ ప్రశ్న అడగగలిగిందంటే, ప్రతి మాటా ఆమె చెవిన పడటం వల్లనే. ఆ పుణ్యం ఆయనది.

కానీ 'పలుకు తేనెల తల్లి'ని ఇప్పుడు మనం వినే తీరు, ఆయన గొంతులోనైనా, పెళ్లిళ్లలో కచేరీల్లో స్త్రీలు పాడినప్పుడైనా, జోలపాట తీరే. తల్లి అన్న మాట, పవళించడమన్న మాట రెండూ చూసి మనం జోల పాడేస్తున్నాం. పాటలో ఉన్నది చూడండి. రాత్రంతా భర్తతో గడిపిన స్త్రీ బంగారు మేడ మీద, ముత్యాల పరుపు మీద, ముంగురులు మొహాన పడి, ఒంటి మీద సన్నటి చెమటతో పగటిదాకా నిద్రపోతోంది. ఆ నిద్రకి ఒక్కొక్క కారణం చెబుతూ వెళుతుంది ఇంకో స్త్రీ. ప్రతి చరణమూ 'అందుకే' అన్నట్టు ముగుస్తుంది. అది జోల పాడే గొంతు కాదు, కళ్లతో నవ్వుతూ చెప్పే గొంతు. జోలపాట నడకలో ఆ కొంటెతనం కరిగిపోతుంది. అలమేలుమంగ అలసట ఒక స్త్రీ శరీరపు అలసటగా కాక దేవత అలంకారంగా మిగులుతుంది. పాడేవాళ్లు ఆడవాళ్లా మగవాళ్లా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పాటలో మాట్లాడుతున్నదెవరో తెలుసుకుని పాడుతున్నారా అన్నదే ప్రశ్న.

మరోలా పాడవచ్చునని నాకెలా తెలుసు? బృంద, ముక్త పాడిన క్షేత్రయ్య పదాలు విన్నాను కాబట్టి. వీణ ధనమ్మాళ్ (1867–1938) మనవరాళ్లు టి. బృంద (1912–1996), టి. ముక్త (1914–2007). నాట్యకళాకారిణి బాలసరస్వతి వీళ్ల పినతల్లి పెద్దతల్లి పిల్లల వరసలోదే. పదిహేడో శతాబ్దపు మువ్వగోపాల పదాలు ఈ ఇంటికి రాగిరేకుల మీద రాలేదు. ఆడవాళ్ల గొంతు నుంచి ఆడవాళ్ల గొంతుకి వచ్చాయి. ఆ రికార్డింగుల్లో గొంతు పెద్దది కాదు. పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టుంటుంది. లయ ఎంత విలంబమంటే, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆమె మనసు మార్చుకోవచ్చు. చాలా పదాలను పల్లవితో కాక అనుపల్లవితో ఎత్తుకోవడం ఆ సంప్రదాయం. అంటే, మనం గదిలోకి అడుగుపెట్టేసరికే మాటల మధ్యలో ఉంటాం. నాయిక అప్పటికే ఎవరితోనో తగువులో ఉంటుంది. మనకోసం మొదటి నుంచీ చెప్పదు.

వాళ్లు తమిళ దేశపు మనుషులు. తెలుగు మాట కొన్నిచోట్ల నలుగుతుంది. స్పష్టతలో బాలకృష్ణప్రసాద్‌తో పోలిక లేదు. అయినా మాట నలిగినచోట కూడా భావం నలగదు. మాట స్పష్టంగా ఉన్న రికార్డులో మాట్లాడే మనిషి కనపడదు, మాట మసకగా ఉన్న రికార్డులో ఆ మనిషి కళ్లెదుటే ఉంటుంది. ఈ తేడాకి కారణం ప్రతిభ ఎక్కువ తక్కువలు కాదు. వరస కట్టినప్పటి నుంచీ ఆ పాటలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నదే.

దేవదాసీ జీవితాన్ని అందంగా చూపించాలని నా ఉద్దేశం కాదు. ఆ వ్యవస్థలో నలిగిన ఆడవాళ్ల లెక్క ఏ రికార్డులోనూ లేదు. మద్రాసు శాసనసభ 1947లో తెచ్చిన నిషేధ చట్టం వెనక ఆ బాధ ఉంది. కానీ ఆ సంస్కరణతోపాటే శృంగారం మాట్లాడే స్త్రీ గొంతు మీద కూడా తలుపు పడింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ని పరిష్కరించి అచ్చువేయిస్తే, అశ్లీలమని దొరల ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం దాకా ఆ నిషేధం సాగింది. అదే నాగరత్నమ్మ తిరువయ్యారులో త్యాగరాజుకి సమాధి మందిరం కట్టిస్తే లోకం మెచ్చుకుంది, అక్కడ ఆడవాళ్లు పాడే హక్కు కోసం మాత్రం ఆమె పోరాడాల్సి వచ్చింది. ముంగిట్లో పాటకి ఒక న్యాయం, గదిలో పాటకి ఇంకో న్యాయం.

తాళ్లపాక ఇంట్లోనే చూడండి. రాగిరేకుల మీద అన్నమయ్య, కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనవడు చినతిరుమలాచార్యుడు, మూడు తరాల మగవాళ్లు ఉన్నారు. అన్నమయ్య భార్య తిమ్మక్క, తొలి తెలుగు కవయిత్రిగా మనం చెప్పుకునే మనిషి, 'సుభద్రా కల్యాణం' రాసింది. పాడుకోవడానికి వీలైన కావ్యం అది. రేకుల మీద ఆమె లేదు. నా దగ్గరున్న రికార్డుల పెట్టెలోనూ లేదు.

శోభారాజు లాంటి స్త్రీలు అన్నమయ్యకి తామే వరసలు కట్టారు. 1983లో హైదరాబాదులో అన్నమాచార్య భావనా వాహిని స్థాపించి, వేలమంది ఆడపిల్లలకి ఆమె ఆ పాటలు నేర్పారు. దారి మూసుకుపోలేదు. ఇప్పుడు కావలసింది ఇంకొక అడుగు. శృంగార సంకీర్తనల సంపుటాలు తెరిచి, జీవాత్మ పరమాత్మల వ్యాఖ్యానం కాసేపు పక్కన పెట్టి, ఈ పాటలో మాట్లాడుతున్నదెవరు, ఎవరితో, ఏ పొద్దులో అని అడిగి వరస కట్టేవాళ్లు కావాలి. ఆ వ్యాఖ్యానం అబద్ధమని నేననను. దేవుడితో కలయికకి మనిషి ఒళ్లు ఉపమానం అయినప్పుడు, ఆ ఒళ్లు ముందు నిజంగా వినిపించాలి. అప్పుడే ఉపమానం నిలుస్తుంది.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు నాకు దొరకడానికి చాలాకాలం పట్టింది. అది పాటలోనే ఉంది. నిద్రపోతున్నది అలమేలుమంగ. పాడుతున్నది చెలికత్తె. ఆమె మేలుకునే ఉంది. ముంగురులు ఎలా చెదిరాయో, చెమట ఎక్కడ పట్టిందో అంత దగ్గరగా చూడగలిగిందంటే, పరుపు పక్కనే నిలబడి ఉంది. బంగారు మేడ మీదికి నీళ్లు తెచ్చింది ఆమే అయి ఉండాలి. యజమానురాలి నిద్రని అసూయ లేకుండా, నవ్వుతూ, చెదరకుండా కాపాడుతున్న పనిమనిషి గొంతు అది. అన్నమయ్య ఆ గొంతుకి పాట ఇచ్చాడు. మన రికార్డులు దాన్ని భక్తురాలి గొంతుగా మార్చేశాయి. ఆ ఒక్క మార్పుతో పాటలోంచి ఒక పనిచేసే స్త్రీ మాయమైంది. ఆమె లేని లోటు కనిపెట్టింది నేను కాదు, చెనిక్కాయలు ఒలుస్తున్న పెద్దమ్మ.

మొన్న ఫోన్ చేసినప్పుడు ఈ జవాబు ఆమెకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే ఆ పాప ఎప్పుడు పండుకునింటుందో" అంది. దానికి నా దగ్గర ఏ రికార్డూ లేదు.