మెలీనా గొంతు ఎవరి కోసం?

మెలీనా మెర్కూరీ గురించి రాసేవాళ్ళు చాలామంది "నటి, తర్వాత రాజకీయ నాయకురాలు" అని మొదలుపెడతారు. ఆ "తర్వాత" దగ్గరే నాకు పేచీ. 1920లో ఏథెన్స్‌లో పుట్టిన మెలీనాకి తాత స్పైరోస్ ఏళ్ళ తరబడి ఆ నగరానికి మేయరు. తండ్రి స్టమాటిస్ పార్లమెంటు సభ్యుడు, మంత్రి కూడా. అదే ఇంట్లో పుట్టిన మగపిల్లాడు మంత్రి అయ్యుంటే వారసుడనేవారు. ఆడపిల్ల కాబట్టి సినిమా మోజుతో గెలిచిందన్నారు. వారసత్వం ఆమెకి కలిసి రాలేదని నేననను. ఆమెను కిందనుంచి పాకి పైకొచ్చిన స్త్రీగా చూపించే అవసరమూ లేదు. కానీ ఆ వివక్షని మాత్రం గుర్తించాలి.

అసలు ఆ సినిమాల్లో రాజకీయం లేదా? కకోయానిస్ తీసిన "స్టెల్లా" (1955) చూడండి. కాంబనెల్లిస్ నాటకం దానికి మూలం. స్టెల్లా రాత్రిళ్ళు పాటలు పాడి బతికే మనిషి. ప్రేమిస్తుంది, పెళ్ళి మాత్రం వద్దంటుంది. ఒత్తిడికి ఒప్పుకుని, తీరా పెళ్ళినాడు చర్చికి వెళ్ళదు. చివర్లో అతను కత్తి పట్టుకుని నిలబడి ఉంటే, అది తెలిసీ అతని వైపే నడుస్తుంది. ఈ ముగింపుని విధి ఆడించిన విషాదంగా చదవటం అలవాటు. నేనలా చదవలేను. పెళ్ళి వద్దన్నందుకు చంపిన మగవాడు చచ్చిపోతున్న ఆమెని కౌగలించుకుంటే అది ప్రేమ ఎలా అవుతుంది? మెలీనా నడకలో లొంగుబాటు లేదు. కథ ఆమెని చంపుతుంది గానీ ఆమె శరీరం ఆ కథని ఒప్పుకోదు.

జూల్స్ డాసిన్ తీసిన "నెవర్ ఆన్ సండే" (1960) ఆమెకి కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి తెచ్చింది. పిరేయస్ రేవులో వేశ్య ఇల్యాకి సంస్కృతి నేర్పి బాగుచేద్దామని ఒక అమెరికన్ బయలుదేరతాడు. స్త్రీలని ఉద్ధరించటానికి వచ్చే పురుషులు మనకు కొత్త కాదు కదా! ఆ సినిమాలో నాకు ముఖ్యం, అద్దెలు పీల్చే యజమాని మీద ఆ స్త్రీలు చేసే సమ్మె. కిటికీల్లోంచి పరుపులు వీధిలోకి విసిరేస్తారు. నవ్వుల మధ్య వచ్చే దృశ్యమే అయినా అది సమ్మే. 1977లో ఆమెను పార్లమెంటుకి పంపింది ఆ పిరేయస్‌లోని శ్రామికుల పేటలే.

మధ్యలో సైనిక నియంతృత్వం. 1967 ఏప్రిల్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు ఆమె న్యూయార్క్‌లో నాటకమాడుతోంది. నోరు విప్పినందుకు ఆమె పౌరసత్వం రద్దు చేశారు. పుట్టుకతో వచ్చిన గ్రీకుతనాన్ని తీసేయటం పట్టకోస్ అనే ఆ సైనిక మంత్రి చేతిలో లేదనీ, అతని ఫాసిజమే అతనితో పుట్టిందనీ ఆమె ఎదురు తిరిగింది. 1974లో నియంతృత్వం కూలేదాకా దేశదేశాలు తిరిగి మాట్లాడింది. పాసోక్ పార్టీ స్థాపకుల్లో ఒకరయింది. 1981లో సాంస్కృతిక శాఖ మంత్రి అయ్యి 1989 వరకూ ఉంది. ఊళ్ళలో పురపాలక నాటకశాలలు, 1985లో ఏథెన్స్‌తో మొదలైన యూరప్ సాంస్కృతిక రాజధాని పథకం ఆమె చొరవే. 1990లో తాత కూర్చున్న మేయరు కుర్చీకి పోటీ చేసి ఓడిపోయింది. 1993లో మళ్ళీ మంత్రయి, కొద్ది నెలలకే 1994 మార్చిలో ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయింది.

లోకం మాత్రం ఆమెను పార్థినాన్ శిల్పాలతోనే గుర్తుపెట్టుకుంది. ఏథెన్స్ ఒట్టోమన్ ఏలుబడిలో ఉన్నప్పుడు ఎల్గిన్ ప్రభువు ఊడదీయించి పట్టుకుపోయిన ఆ శిల్పాలని 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టింది. వాటిని తిరిగివ్వమని 1982లో మెక్సికోలో యునెస్కో సభలోనూ, 1986లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చలోనూ ఆమె అడిగింది. న్యాయమైన కోరిక. అదే మ్యూజియంలో మన అమరావతి పలకలూ ఉన్నాయి కాబట్టి ఈ బాధ నాకు దూరంది కాదు.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలటం లేదు. ఆమె మంత్రిగా ఉన్న ప్రభుత్వమే 1983లో కుటుంబ చట్టాన్ని మార్చింది. కట్నాన్ని రద్దు చేసింది, పెళ్ళయినా స్త్రీకి పుట్టింటి పేరే ఉంచింది. (1961 నాటి మన వరకట్న నిషేధం ఏం సాధించిందో తెలిసిన నేను చట్టంతోనే అంతా మారిందనుకోను.) ఆ మార్పు కోసం పోరాడిన వాళ్ళలో గ్రీసు మహిళా సంఘమూ, దానికి నాయకత్వం వహించిన మార్గరెట్ పపాండ్రూ ఉన్నారు. ఈ పేరు మనలో ఎంతమంది విన్నాం? దేశం కోసం స్త్రీ కన్నీళ్ళు పెట్టుకుంటే సభలు లేచి నిలబడతాయి. కట్నం రద్దుకి ఎవరూ కన్నీళ్ళు పెట్టరు. మెలీనా బొంగురు గొంతులోని బలం నాకిష్టమే. కానీ ఆ గొంతు "మా పూర్వీకులు", "మా ఆత్మ" అన్నప్పుడు ఆ "మా"లో స్త్రీలు ఎక్కడున్నారో వెతుక్కోవలసి వస్తుంది.

అమరావతి శాసనాల్లో భిక్షుణులు, గృహిణులు, తల్లులు, కూతుళ్ళు దాతలుగా తమ పేర్లు చెక్కించుకున్నారు. పార్థినాన్ చుట్టూ సాగే ఊరేగింపు పట్టీలో మానవ స్త్రీలు తూర్పు వైపు మాత్రమే కనిపిస్తారు. ఎథీనా దేవికి సమర్పించే వస్త్రాన్ని నేసింది ఏథెన్స్ ఆడపిల్లలే. ఆ నగర ప్రజాస్వామ్యంలో వాళ్ళకి ఓటు లేదు. ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో ప్రజాస్వామ్యం ఉంది, వాళ్ళు లేరు. 2009లో తెరిచిన కొత్త అక్రోపోలిస్ మ్యూజియంలో, లండన్‌లో ఉండిపోయిన పలకల చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్ళు పెట్టారు. ఆ వస్త్రాన్ని మడతపెట్టే దృశ్యం ఉన్న పలక కూడా అక్కడ నకలే. అసలుది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.