ఆట ముందా, యంత్రం ముందా?

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళినవారికి పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు బారులు తీరి కనిపిస్తారు. వీరిలో పెక్కుమంది దగ్గరలోని అశోక్‌నగర్‌లో అద్దె గదులలో ఉండేవారే. మరికొంత దూరం నడిస్తే నారాయణగూడ. అక్కడ ఇంజినీరింగు విద్యార్థులు ఎదురవుతారు. ఈ మూడు పేటలలోను పుస్తకం లేని చేయి ఉండవచ్చునేమోగాని, ఫోను లేని చేయి అరుదు. అయినప్పటికీ వీరిలో ఎవరైనా “సొంతంగా ఒక వీడియో ఆట తయారుచేస్తాను” అంటే తరచుగా వినవచ్చే సలహా ఒకటే: “ముందు మంచి గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటరు కొనుక్కో.” గది అద్దెకు, మెస్సు బిల్లుకు ఇంటినుండి డబ్బు తెప్పించుకొనే విద్యార్థికి ఇది చిన్న మాట కాదు. ఈ సలహా ఎంతవరకు శాస్త్రీయమో పరిశీలిద్దాం.

ఇందులోని మొదటి లోపం రెండు యంత్రాలను ఒకటిగా భావించడం. ఆటను తయారుచేసే యంత్రం ఒకటి; ఆ ఆటను ఆడే యంత్రం మరొకటి. కుండను చేసే సారె వేరు, దానిని ఎక్కించే పొయ్యి వేరు. సారె ఎంత గొప్పదైనా, పొయ్యిమీద నిలువని కుండవల్ల ప్రయోజనమేమి? కాబట్టి ముందుగా అడగవలసిన ప్రశ్న “నేను ఏ యంత్రం కొనాలి?” అన్నది కాదు, “నా ఆట ఎవరి చేతిలోని యంత్రంపై నడవాలి?” అన్నది.

ఆడే యంత్రానికి ఒక లెక్క గలదు. కదలిక తడబాటు లేకుండా కనిపించడానికి సాధారణంగా సెకనుకు 60 బొమ్మలు తెరమీద మారుతూండాలి. 1000 మిల్లీసెకన్లను 60 చేత భాగిస్తే, ఒక్కొక్క బొమ్మకు లభించే గడువు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపుగా యంత్రం ఆటగాని ఆజ్ఞను గ్రహించాలి, శత్రువులను కదిలించాలి, ఏది దేనిని తాకిందో లెక్కించాలి, చివరకు బొమ్మను గీయాలి. తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే, మొత్తం 20,73,600 చుక్కలకు రంగు నిర్ణయించాలి. సెకనుకు 30 బొమ్మలు చాలుననుకొంటే గడువు 33.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తయారుచేసేవాని ఖరీదైన కంప్యూటరులో 5 మిల్లీసెకన్లలో ముగిసిన పని, ఆడేవాని చౌక ఫోనులో 25 మిల్లీసెకన్లు తీసుకొన్నదనుకొందాం. తయారుచేసినవాడు లోపాన్ని గుర్తించనే గుర్తించడు! పైగా చాలా ఫోనులలో చల్లబరచే గాలిమర ఉండదు. కొంతసేపు ఎక్కువ పని చేస్తే వేడెక్కి, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. మొదటి నిమిషంలో చక్కగా నడిచిన ఆట పదవ నిమిషంలో నత్తనడక నడవడానికి కారణమిదే. అంటే శక్తిగల యంత్రం నిర్మాతకు సాయపడినట్లే పడి, అతనిని మోసగించగలదు కూడా.

మరి కంప్యూటరు ఆటలను ఎంచుకొన్నవారు పొరపడ్డారా? అట్లా అనడం తొందరపాటే. మన హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ భారతీయ పురాణ వాతావరణంతో ‘అసుర’ అనే ఆటను నిర్మించి, 2017లో స్టీమ్ అనే విపణి ద్వారా కంప్యూటర్లకు విడుదల చేసింది. ఆటగాడు పైనుండి చూస్తూ, గుంపుగా వచ్చే శత్రువులతో ఖడ్గయుద్ధం చేసే ఆట ఇది. ఇటువంటి ఆటకు వేలికి తగిలే మీటలు ఆవశ్యకం. గాజుతెరపై బొటనవ్రేలు బొమ్మను కప్పివేస్తుంది. మీట నొక్కిన స్పర్శ తెలియదు. కనుక వారి ఎన్నిక ఆట స్వభావానికి తగినదే. కాని దానికి చెల్లించిన మూల్యమూ ఉన్నది: కంప్యూటరు లేనివారికి కంప్యూటరు ఆట అందదు. ‘అసుర’ను చూచి “ఆటలన్నిటికీ కంప్యూటరే తగినది” అని విద్యార్థి నిర్ణయిస్తే, అది ఆ ఆట నేర్పిన పాఠం కాదు.

ఇందుకు ప్రతిగా మరొక ఉదాహరణ చూడండి. పికో-8 అనేది కేవలం సాఫ్ట్‌వేరుతో కల్పించిన ఊహా యంత్రం. దాని తెర 128 × 128 చుక్కలు. అనగా 16,384 మాత్రమే. రంగులు 16. 2015లో ఇద్దరు నిర్మాతలు నాలుగు రోజులలో దీనిపై ‘సెలెస్టే’ అనే చిన్న ఆటను తయారుచేశారు. అదే బీజమై, 2018లో పెద్ద ఆటగా లోకమంతటా పేరు తెచ్చుకొన్నది. హద్దు ముందే తెలియడంవల్ల వారి శ్రమ ఆడంబరంమీద కాక, పాత్ర ఎట్లా దూకాలి అన్నదానిపై నిలిచింది.

ఖర్చుల మాటకు వస్తే, గొడో వంటి ఆటల నిర్మాణ సాధనం ఉచితం. అది సాధారణ కంప్యూటరులోనే కాక ఆండ్రాయిడ్ యంత్రాలలోను పనిచేస్తుంది. గూగుల్ ప్లేలో ప్రచురణకర్తగా చేరడానికి ఒక్కసారి 25 డాలర్లు, స్టీమ్‌లో ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు చెల్లించాలి. ఇంటి టెలివిజనుకు తగిలించే ఆటపెట్టెలకైతే తయారీ సంస్థ అనుమతి కూడా ఆవశ్యకం. కాబట్టి తొలి ప్రయత్నానికి ఆ దారి అనువైనది కాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసంగా చేయించవచ్చు. ముందుగా విద్యార్థులు ఒక ఆటను కాగితంపై వ్రాయాలి: ఆడేవారు ఎవరు, వేళ్ళు ఏమి చేస్తాయి, తెరపై ఒకేసారి ఎన్ని వస్తువులు కదులుతాయి? తరువాత దానిని ఆడబోయే యంత్రాలలో అత్యంత బలహీనమైన దానిని ఎన్నుకొని, తమ వద్దనున్న సాధనంతోనే ఒక చిన్న నమూనా చేసి, దానిపై పదిహేను నిమిషాలు నడిపి చూడాలి. గడువు దాటితే ముందు ఆటను సరిచేయాలి. అప్పటికీ ఉన్న సాధనం చాలదని తేలితేనే కొత్త యంత్రం మాట ఎత్తాలి.

కొలిచిన తరువాత కొనడం శాస్త్రం. కొన్న తరువాత కారణం వెదకడం మోజు. అశోక్‌నగర్ గదిలోని విద్యార్థికి ఈ రెండింటి మధ్య తేడా కొన్ని నెలల అద్దెతో సమానం.