ఆదోని ఎండకు నిలిచే కర్ర

2022లో కర్నూలు జిల్లాను విడదీసినప్పుడు నల్లమల దాదాపుగా నంద్యాల వైపే వెళ్లింది. పడమటనున్న ఆదోని, ఎమ్మిగనూరులకు అలా పోవడానికి అడవే లేదు. మొదటినుంచీ ఉన్నది నల్లరేగడి, పత్తి, బండరాళ్ల గుట్టలు. అయినా కర్ర విలువ ఇక్కడివాళ్లకు తెలియకుండా పోలేదు, ఎమ్మిగనూరు మగ్గాల ఊరు మరి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టింది ఇక్కడే. బట్ట చుట్టుకునే దోనె వేసవిలో కాస్త వంగిందంటే పడుగులో ఒక పక్క పోగులు బిగుస్తాయి, ఇంకో పక్క వదులవుతాయి. కుర్చీ కాలు వంకరైతే కింద అట్టముక్క పెట్టి సర్దుకుంటాం. మగ్గంతో ఆ సర్దుబాటు కుదరదు. సరదాకు పీటలూ బల్లలూ చేసుకోవాలనుకునేవాళ్లు కర్రను మగ్గాల వడ్రంగి కంటితో చూడటం నేర్చుకోవాలి.

ముందు చూడాల్సింది ఆరుదల. పచ్చి కర్రలో నీరు కణాల బోలులోనూ ఉంటుంది, కణాల గోడల్లోనూ ఉంటుంది. బోలులోది పోయినంతసేపు కర్ర కొలత మారదు. తేమ 30 శాతానికి దిగువకు వచ్చి గోడలు ఆరడం మొదలైతేనే కుంచించుకుంటుంది. వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమి నుంచి బెరడు దిక్కుకు కుంచించుకునేదానికి దాదాపు రెండింతలు. పలక దొన్నెలా ముడుచుకునేది అందుకే. డిపోకు వెళ్లినప్పుడు పలక కొస చూడండి. వలయాల గీతలు మందం వెంట నిలువుగా ఉంటే అది నిలకడైన పలక. వంపు తిరిగి ఉంటే ఏనాటికైనా ముడుచుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. త్వరగా ఆరుతుందని పలకల్ని మిద్దె మీద పరిస్తే లోపల తడి ఉండగానే పై పొర ఆరి పగుళ్లిస్తుంది. నీడలో, వరుసకూ వరుసకూ మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. తేమ కొసలనుంచే వేగంగా పోతుంది కాబట్టి వాటికి వెనకటివాళ్లు పేడ పూసేవారు. పాత పెయింటు పూసినా చాలు. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. నాకు నమ్మకమైన పరీక్ష తూకం. ఒకే ముక్కను వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే కర్ర మన ఊరి గాలికి అలవాటు పడినట్టే.

టేకు సంగతి ధరే చెబుతుంది. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఈ లెక్క వేసుకోకుండా డిపో మెట్లెక్కకండి. వేప చేదుకు పురుగు త్వరగా ముట్టదు గానీ, నార అడ్డదిడ్డంగా తిరిగి చిత్రిక కింద లేచిపోతుంది. పైగా 2018 నుంచి అది రాష్ట్ర వృక్షం, కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. నల్లతుమ్మ బండి చక్రాలకు వాడిన కర్ర. దాని చేవ గట్టిదే, చుట్టూ ఉన్న తెల్లపొరను మాత్రం పురుగు తింటుంది. దుంగల్ని నెలల తరబడి నీళ్లలో నానవేసేది అందుకే. పాత మిద్దెలు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు వదలొద్దు, అవి దశాబ్దాలుగా ఆరినవి. తట్టినప్పుడు బోలుగా మోగితే చెద తిన్నట్టు. కోతకు పంపేముందు పాత స్పీకరు అయస్కాంతాన్ని పొడవునా జరపండి, దాగిన మేకు ఉంటే పట్టిస్తుంది.

నా ఓటు మాత్రం అందరూ తిట్టుకునే సర్కారు తుమ్మకు. 1877 ప్రాంతంలో దీన్ని తెచ్చి మన సీమలోనే, కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు చెరువుగట్లూ బీళ్లూ దానివే. మనం బొగ్గు చేసి కాల్చేస్తున్నాం. దీని దగ్గరి జాతులతో టెక్సస్‌లో, అర్జెంటీనాలో ఖరీదైన బల్లలు చేసుకుంటారు. ఈ జాతుల కర్ర ఆరేటప్పుడు బాగా తక్కువ కుంచించుకుంటుంది, అదీ రెండు దిక్కులా ఇంచుమించు సమానంగా. ఆదోని గాలికి ఇంతకంటే ఏం కావాలి? ఇబ్బందులూ ఉన్నాయి. మాను వంకర, రెండు మూడడుగుల తిన్నని ముక్క దొరకడమే గగనం. ముల్లు విరిగి లోపలుంటే చెయ్యి వాస్తుంది. మొద్దు ఉలి దాని చేవ మీద దిగక జారుతుంది.

ఆ జారడంలోనే వేళ్లు తెగుతాయి. ఆయుధపూజకు తప్ప ఏడాదిలో సానరాయి మొహం చూడని ఉలిని బలం కొద్దీ నెట్టాల్సి వస్తుంది, జారినప్పుడు ఆ బలమంతా చేతి మీదికి వస్తుంది. రెండు చేతులూ ఎప్పుడూ పదునుకు వెనకే ఉండాలి. మన వడ్రంగులు నేల మీద కూర్చుని కాలివేళ్లతో కర్రను అదిమిపట్టి బాడిసతో చెక్కుతారు. చిన్ననాటినుంచీ ఆ పనిలో పెరిగిన ఒంటికి అది చెల్లింది. ఆదివారం వడ్రంగులు కర్రను క్లాంపుతో బల్లకు బిగించుకోవాలి.

అన్నిటికంటే నాకు భయం, నాలుగంగుళాల గ్రైండర్‌కు కర్ర కోసే పళ్ల బ్లేడు బిగించడం. ఇనుము అరగదీసే ఆ మిషను నిమిషానికి పదివేల చుట్ల వేగంతో తిరుగుతుంది. పన్ను కర్రలో చిక్కితే మిషను మొత్తం వెనక్కి తన్నుతుంది. అడ్డమొస్తోందని గార్డు కూడా తీసేసే ఘనులున్నారు! సర్క్యులర్ రంపం కొనలేకపోతే కోత మిల్లులో కోయించుకోండి. తిరిగే బ్లేడు దగ్గర లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. చేతి తొడుగులూ వద్దు, దారం చిక్కితే చెయ్యే లోపలికి పోతుంది. కరెంటు పోయిన మరుక్షణం స్విచ్చి ఆపండి. అది తిరిగి ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కర్రధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. జేబురుమాలు దాన్ని ఆపదు, ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి.

మొదటి పనిగా మంచానికో బీరువాకో దిగకండి. ఆరిన సర్కారు తుమ్మతో అడుగున్నర పీట చేయండి, మేకు కొట్టకుండా కాళ్లు బెజ్జంలో బిగిసేలా. పైన అవిసె నూనె రెండు పూతలు చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ దానంతటదే అంటుకోగలదు. విప్పి, ఆరుబయట దండెం మీద ఆరేయండి.